కింది అర బ్యాటరీలు

దిలేనియా చేసే పనేమిటో ఆ పేటలో ఎవరికీ సరిగ్గా తెలియదు. బ్యాటరీల కంపెనీలో ఇంజనీరని తెలుసు. వస్తువు ఇంకా కొత్తగా ఉండగానే అది ఎప్పుడు చస్తుందో చెప్పేస్తుందని కూడా ఎవరో చెప్పగా విన్నారు. ఆ రెండో ముక్క చెవిన పడ్డాక ఇక ఊరుకుంటారా?

మూలమీది కొట్టు బెర్నాబే ఆమె కనబడితే చాలు, ఫ్రిజ్ తలుపు మీద దబదబా బాదేవాడు.

"ఇంజనీరమ్మా, దీని జాతకం కాస్త చెప్పి పో. బీరు చల్లబడట్లేదని జనం నన్ను తిట్టిపోస్తున్నారు."

"కొని ఎన్నాళ్లయింది?"

"కొన్నానని ఎవరన్నారు? మా బావమరిది దగ్గర లాక్కున్నా."

"అయితే ఫ్రిజ్‌కేం భయం లేదు. మీ బావమరిది ఉసురు తగిలి ముందు నువ్వే పోతావు."

ఎదురింటి పెద్దావిడ దోన్యా ఫేఫా ఇంకో అడుగు ముందుకేసేది. మొగుడు పక్కనే ఊగుడు కుర్చీలో కూర్చుని వింటుండగా, "మా ఆయన ఎప్పుడు పోతాడో చెప్పవే. ఆ గది ఖాళీ అయితే నా కుట్టుమిషను వేసుకుంటా," అని అడిగేది. ఆయన చెవులు గట్టివే. విని నవ్వేవాడు.

దిలేనియాకి వేళాకోళం చేతకాక కాదు గాని, లెక్కల మాట వస్తే మటుకు ఆమె మొహం మారిపోయేది. "ఒక్కడి సంగతి నా ప్రోగ్రాం చెప్పలేదు, దోన్యా. వందమంది మొగుళ్లుంటే అందులో మొదటి పదిమంది ఎప్పటికి పోతారో చెబుతుంది."

"వందమందిని నేనెక్కణ్ణుంచి తేవాలే? ఒక్కడితోనే చస్తుంటే!"

వీధి వీధంతా నవ్వింది. దిలేనియా కూడా నవ్వింది. కానీ ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆమె ఉద్యోగం అదే.

సాంతియాగోలో కరెంటు పోవడం వార్త కాదు. రావడమే వార్త. అందుకని కాస్త కలిగిన ప్రతి ఇంట్లోనూ పెరటి గుమ్మం పక్కన ఇన్వర్టర్, దాని కాళ్ల దగ్గర బ్యాటరీలు ఉంటాయి. వారానికోసారి ఇంటి ఆడవాళ్లో మగవాళ్లో వాటి ముందు చతికిలబడి, నాణెంతో బిరడాలు తిప్పి, ఒక్కో గడిలోకీ బ్యాటరీ నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి మూస్తారు. కుండీల్లో మొక్కలకి నీళ్లు పోయడం మరిచిపోయినవాళ్లున్నారు గాని బ్యాటరీకి మరిచిపోయినవాళ్లు ఆ పేటలో లేరు. బ్యాటరీ ఎండిపోయిన ఇల్లంటే ఏదో చావు వచ్చిన ఇల్లని జనం లెక్క. దిలేనియా తల్లి తోమసీనా అయితే నీళ్లు పోస్తూ వాటితో మాట్లాడేది. "తాగండ్రా, తాగండి. రాత్రికి మళ్లీ మీరే గతి," అనేది.

తోమసీనా మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆ కంపెనీలోనే ఊడ్చే పని. కూతుర్ని ఆ జీతంతోనే చదివించింది. తండ్రి ఉన్నాడో లేడో ఆ ఇంట్లో ఎవరూ తలుచుకునేవాళ్లు కాదు. తండ్రి చేయవలసిన పనుల్లో సగం రదమేస్ చేశాడు. అతను పక్కింటి మనిషి. చర్చిలో పసిపిల్ల దిలేనియాని చేతుల్లోకి తీసుకుని జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు. ఆమె అతన్ని పద్రీనో అని పిలిచేది. అతను ఆమెని పేరు పెట్టి పిలవగా ఎవరూ వినలేదు. ఎప్పుడూ "పిల్లా" అనే. ఆమె ఇంజనీరయ్యాక కూడా, మేనేజరు ముందు కూడా, పిల్లా.

రదమేస్ తాటిచెట్టంత పొడుగు. వయసులో ఉండగా బేస్‌బాల్ ఆడాడు. క్యాచర్‌గా ఏళ్ల తరబడి బ్యాటు వెనక గొంతుక్కూర్చుని, చివరికి ఆటలో పేరు రాలేదు గాని మోకాళ్లు మాత్రం పోయాయి. కింద పడ్డ చెమ్చా తీసుకోవాలన్నా పక్కవాళ్లని బతిమాలేవాడు. కంపెనీ బ్యాటరీల పరీక్ష గది అతని చేతిలో ఉండేది. తాళం అతని నడుముకే వేలాడేది. దిలేనియాని స్కూలు రోజుల్లో ఆ గదికి మొదటిసారి తీసుకెళ్లి చూపించింది అతనే. తర్వాత చదువు పూర్తయ్యాక మేనేజరు కబ్రాల్ గది బయట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి, "మా పిల్లకి లెక్కలొచ్చు, ఒక్కసారి చూడండి," అని చెప్పి చెప్పి ఉద్యోగం వేయించిందీ అతనే. ఆ మోకాళ్లతో అంతసేపు నిలబడ్డాడని ఆమెకి చాలాకాలం దాకా తెలియదు.

అసలు కథ కొత్తరకం బ్యాటరీతో మొదలైంది. కొండల్లోని ఆరోగ్య కేంద్రాలకి పంపడానికి చేసిన సరుకు అది. అక్కడ టీకా మందుల ఫ్రిజ్‌లు వీటి మీద నడవాలి. ఆ కేంద్రాలు ఎవరి సొంతమూ కావు కాబట్టి బ్యాటరీల బాగోగులు చూసే నాథుడు ఉండడని, అసలు నీళ్లే పోయనక్కర్లేని విధంగా దాన్ని తయారు చేశారు. బిరడాలున్నాయి గాని తీయకూడదు. ఇన్నేళ్ల వరకు పనిచేస్తుంది, ఆ తర్వాత మార్చేయండి అని డబ్బా మీద ఒక అంకె వేయాలి. ఆ అంకె దిలేనియా ఇవ్వాలి. ఎక్కువ వేస్తే ఎక్కడో కొండమీద ఫ్రిజ్ ఆగిపోయి మందులు పాడవుతాయి. పాడైన సంగతి ఎవరికీ తెలియకుండానే పిల్లలకి ఎక్కించేస్తారు.

పరీక్ష గదిలో రెండు అరల ర్యాకులు వరసగా ఉంటాయి. కింది అర చీలమండల ఎత్తున, పై అర మామూలు ఆడమనిషి చేతికి అందనంత ఎత్తున. బ్యాటరీలని రోజూ నింపడం, రోజూ పీల్చేయడం. ఎవరూ ముట్టుకోకూడదు, బిరడా తీయకూడదు, రదమేస్, దిలేనియా తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. ఒక్కో బ్యాటరీ సత్తా ఎంత మిగిలిందో వారం వారం తీగల మీదుగా ఆమె కంప్యూటర్‌లోకి వచ్చి పడుతుంది. అక్కడి ప్రోగ్రాం ఒక్కో బ్యాటరీకీ ఒక్కో గీత గీస్తుంది. గీతలన్నీ ఎడమనుంచి కుడికి మెల్లగా దిగుతూ పోతాయి. కింద అడ్డంగా ఎర్రగీత ఒకటి ఉంటుంది. దాన్ని తాకితే ఆ బ్యాటరీ చచ్చినట్టు. అయితే చచ్చేదాకా ఎవరూ కాచుక్కూర్చోరు. ఏడాదిపాటు దిగిన వాలు చూసి, గీతని అదే వాలులో ముందుకు పొడిగించి, ఎర్రగీతని ఎక్కడ తాకుతుందో చూస్తారు. అన్ని బ్యాటరీలవీ చూశాక, వందలో మొదటి పది ఎప్పటికి పోతాయో ప్రోగ్రాం చెబుతుంది. దోన్యా ఫేఫాకి చెప్పిన లెక్క ఇదే.

ఏడాది కావస్తుండగా దిలేనియా గీతలన్నీ ఒకచోట వేసి చూసింది. అవి ఒక కట్టలా దిగలేదు. రెండు పాయలుగా చీలిపోయాయి. ఒక పాయ గబగబా దిగుతోంది. రెండోది దిగీ దిగనట్టు, బద్ధకంగా పడుకుని ఉంది. అన్నిటినీ కలిపి సగటు కట్టమంటే ప్రోగ్రాం నాలుగేళ్లంది. కబ్రాల్‌కి కావలసింది కూడా నాలుగే. కానీ ఏ బ్యాటరీ కూడా నాలుగేళ్లు బతికేలా లేదు. సగం రెండున్నరకి పోయేవి, సగం ఆరు దాటేవి. ఆ నాలుగు అనేది మధ్యలో ఎవరికీ చెందని అంకె.

ఆమె గీతలకి అరని బట్టి రంగు వేసింది. పై అరకి నీలం, కింది అరకి ఆకుపచ్చ. దిగేవన్నీ నీలం. పడుకున్నవన్నీ ఆకుపచ్చ. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు.

మొదట వేడి అనుకుంది. పై అర రేకుల కప్పుకి దగ్గర కదా. అరకో థర్మామీటరు ఉంది. ఏడాది అంకెలూ తీసి చూసింది. రెండు అరలకీ తేడా లేదు. పెద్ద ఫ్యాను గాలిని బాగానే తిప్పుతోంది. తయారీలో తేడా అనుకుందామంటే ఒకే రోజు చేసిన సరుకు రెండు అరల్లోనూ ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. ఎవరో నీళ్లు పోస్తున్నారు. ఆ దేశంలో బ్యాటరీ కనబడితే మనిషి చెయ్యి చేసే పని అదే. పరీక్ష అని చెప్పినా, పోయవద్దని గోడమీద రాసినా, ఆ చెయ్యి ఆగదు.

తాళం ఒక్కడి దగ్గరే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ రదమేస్ గోడకి ఆనుకుని నిలబడి అన్నమూ చిక్కుడుగింజలూ తింటున్నాడు. అతను నిలబడే తినేవాడు. దిలేనియా వెళ్లి పక్కన నిలబడింది.

"పద్రీనో, ఒక మాట అడుగుతా. కోప్పడకు. బ్యాటరీలకి నీళ్లేమైనా పోశావా?"

"ఏ బ్యాటరీలకి?"

"పరీక్షవి."

"లేదు."

"ఒక్కసారైనా? పాపం అనిపించి?"

"లేదన్నానుగా పిల్లా."

అన్నాడు గాని ఆమె వైపు చూడలేదు. పళ్లెంలోని అడుగంటిన అన్నం చెమ్చాతో గీకుతూ ఉండిపోయాడు. ఆ చూడకపోవడం ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది.

ఆమె చదువుకున్న మనిషి. అనుమానం ఉంటే పరీక్ష పెట్టాలని నేర్చుకుంది. ఒక సెలవురోజున తాళం అడిగి తీసుకుని, ఇద్దరు కూలీలని పిలిపించి, పై అర బ్యాటరీలు కొన్ని కిందికి, కింది అరవి కొన్ని పైకి మార్పించింది. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. చోటు మారినా గీత అలాగే పోతే తేడా బ్యాటరీలోనే ఉన్నట్టు. గీత వంగితే, మనిషి చెయ్యి ఉన్నట్టు.

వంగకూడదని ఆమె నిజంగా కోరుకుంది. సోమవారం పొద్దున్నే కంప్యూటర్ తెరిచే ముందు మనసులో మేరీమాతకి దండం పెట్టుకునేది. లెక్కలు చేసేవాళ్లు చేయకూడని పని అది. వారాలు గడిచాయి. కిందికి దిగిన నీలం గీతలు ఒక్కొక్కటే దిగడం మానేశాయి. ఒకటి రెండు కొంచెం పైకి కూడా లేచాయి. పైకెక్కిన ఆకుపచ్చ గీతలు నెమ్మదిగా వాలడం మొదలుపెట్టాయి.

ఒక శుక్రవారం ఆ గ్రాఫు కాగితం మీద తీసి రదమేస్‌కి చూపించింది. ఏది ఏ అరదో, ఎప్పుడు మార్చిందో, ఎక్కడ వంగిందో అంతా వివరంగా చెప్పింది. అతను కాగితాన్ని చాచిన చేతి దూరంలో పట్టుకుని చాలాసేపు చూశాడు. ముఖంలో రంగు పోయింది.

"ఇంత చక్కగా తెలిసిపోతుందా?" అన్నాడు.

"తెలిసిపోతుంది. అందుకే మళ్లీ అడుగుతున్నా. నువ్వు పోశావా?"

"నేను పోయలేదు."

"మరి ఈ గీత అబద్ధం చెబుతోందా?"

"గీత సంగతి నాకేం తెలుసు? నా సంగతి నాకు తెలుసు. పోయలేదు పిల్లా. ఆ మాటే మళ్లీ అడక్కు."

అతను కాగితం మడిచి ఆమెకిచ్చి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ఆమెకి ఏడుపొచ్చింది. నీళ్లు పోసినందుకు కాదు, తనకి అబద్ధం చెప్పినందుకు. ఒప్పుకుని ఉంటే ఏదో ఒక దారి చూసేదాన్ని అనుకుంది.

ఆ వారం నుంచి కింది అర గీతలు కూడా దిగడం మొదలుపెట్టాయి. దొరికిపోయిన మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నట్టుగా ఉంది. అంతకంటే రుజువేం కావాలి? ఆ శనివారం ఇంట్లో భోజనాల దగ్గర తోమసీనా రదమేస్‌ని ఏదో తిడుతోంది. పక్కిళ్లవాళ్లు, ముప్ఫై ఏళ్ల స్నేహం, తిట్టుకోవడం వాళ్లకి మామూలే. దిలేనియా వినలేదు.

కబ్రాల్ గదిలో మీటింగు అయింది. కబ్రాల్ చెడ్డవాడు కాదు. పని జరిగిపోవాలనుకునే రకం. గ్రాఫు చూసి పెదవి విరిచి, అంతలోనే వెలిగిపోయాడు.

"వేడి! పై అర రేకులకి దగ్గర. అంతే కదా? ఏసీ పెడితే సరి. అంకె నాలుగు వేసేద్దాం."

మాట ఎంత సులువుగా వచ్చి ముందు వాలింది! అవునంటే చాలు. రదమేస్ తన గదిలో తానుంటాడు. కబ్రాల్‌కి తన నాలుగు దొరుకుతుంది. కొండమీద మూడో ఏట ఫ్రిజ్ ఆగిపోతుంది. అప్పటికి ఇది ఎవరికి గుర్తుంటుంది?

"వేడి కాదు సార్," అంది దిలేనియా. "ఎవరో నీళ్లు పోశారు. కింది అర అంకెలన్నీ తీసేయాలి. పై అర ప్రకారం రెండున్నరేళ్లు. అది కూడా కొత్త బ్యాటరీలు పెట్టి మళ్లీ చూశాకే."

"ఎవరు పోశారు?"

ఆమె గ్రాఫు కాగితం మడిచింది.

"తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"రదమేస్ దగ్గర."

పిలిపించారు. తలుపులో తల వంచి లోపలికొచ్చి నిలబడ్డాడు. నీళ్లు నువ్వే పోశావా అని కబ్రాల్ అడిగాడు. రదమేస్ దిలేనియా వైపు ఒకసారి చూశాడు. ఏదో మాట కోసం ఎదురు చూసినట్టు చూశాడు. ఆమె తల దించుకుంది.

"నేను పోయలేదు సార్. కానీ తాళం నాది. గదికి పూచీ నాది," అన్నాడు.

ఆ సాయంత్రమే అతన్ని ఇంటికి పంపేశారు. పరీక్ష పాడైన సంగతి కొనేవాళ్ల చెవిన పడితే కొంప మునుగుతుందని, కారణం ఎవరికీ చెప్పవద్దని కబ్రాల్ గట్టిగా చెప్పాడు. గేటు దగ్గర కాపలావాళ్లు అతని చెయ్యి పట్టుకుని ఊపారు. అతను టోపీ సర్దుకుని బస్సు కోసం నిలబడ్డాడు.

ఇంట్లో తోమసీనా కూతురి మీద విరుచుకుపడింది. "నిన్ను ఎత్తుకున్న మనిషే! ఆ చేతుల్లో ఉచ్చపోశావే నువ్వు! ఏం చేశాడని?"

"పరీక్ష పాడుచేశాడమ్మా."

"ఏం పాడుచేశాడు?"

"చెప్పకూడదు."

"తల్లికి కూడానా?"

"నీకసలు చెప్పకూడదు. నీకు చెబితే సాయంత్రానికి బెర్నాబే కొట్లో ఉంటుంది."

తోమసీనా వెళ్లి రదమేస్‌నే అడిగింది. "ముసలాణ్ణయ్యాను, వద్దన్నారు," అని తలుపు దగ్గరగా వేసుకున్నాడట. ఆమె వారం రోజులు కూతురితో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమెకి ఎంత కష్టమో తెలిసినవాళ్లంతా జాలిపడ్డారు.

కొత్త బ్యాటరీలొచ్చాయి. గది కడిగారు. తాళం ఎలీహియో అనే నడివయసు మనిషికిచ్చారు. అతను నెమ్మదస్తుడు, చెప్పిన మాట దాటడు. దిలేనియా మొదటిరోజునే పిలిచి, బిరడా తీస్తే ఉద్యోగం ఉండదని చెప్పింది. అతను శిలువ గుర్తు వేసుకుని మరీ ఒట్టు పెట్టాడు. ఆమె మళ్లీ సోమవారాలు గీతలు చూడటం మొదలుపెట్టింది. పక్కింటి గుమ్మంలో రదమేస్ కనబడితే తల వంచుకుని పోయేది. అతనూ పిలిచేవాడు కాదు. తను చేసింది సరైనదేనని రోజూ తనకి తాను చెప్పుకునేది. సరైన పనిని రోజూ చెప్పుకోవలసి రావడం ఆమెకే వింతగా తోచేది.

కొన్ని నెలలకి గీతలు మళ్లీ రెండు పాయలయ్యాయి. పైవి నీలం, దిగుతున్నాయి. కిందివి ఆకుపచ్చ, పడుకుని ఉన్నాయి. అచ్చం అదే.

దిలేనియా కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. రదమేస్ కంపెనీ గేటు దాటి లోపలికి రాలేదు. ఎలీహియో పోయడు. అప్పుడు, ఇంతకాలం కళ్లముందున్నది ఒకటి మొదటిసారి కనబడింది. కింద పడ్డ చెమ్చా తీసుకోలేని మనిషి, చీలమండల ఎత్తున ఉన్న అరలో వరసగా అన్ని బ్యాటరీల బిరడాలూ తిప్పి నీళ్లెలా పోస్తాడు? పోస్తే గీస్తే, నిలబడి చెయ్యి చాస్తే అందే పై అరకి పోయాలి. గీతలు మొదటిరోజు నుంచీ ఆ మాటే చెబుతున్నాయి. ఎవరో పోశారని చెప్పాయి, ఎంత ఎత్తు మనిషో కూడా చెప్పాయి. ఆమె సగమే విని, మిగతా సగం తాళం చూసి పూరించుకుంది.

శనివారం మధ్యాహ్నం సగం పూట పని అయ్యాక ఆమె ఇంటికి పోకుండా పరీక్ష గది వైపు నడిచింది. పెరట్లో బాదం చెట్టు కింద ఎలీహియో కాపలావాళ్లతో డామినోలు ఆడుతున్నాడు. గది తలుపు ఓరగా తీసి ఉంది.

"లోపల ఎవరున్నారు?"

ఎలీహియో తత్తరపడి లేచాడు. "ఎవరో కాదండీ ఇంజనీరుగారూ, మీ అమ్మగారే. శనివారం శనివారం ఊడ్చిపోతారు. రదమేస్ ఉన్నప్పట్నుంచీ అలవాటే అన్నారు. సాక్షాత్తూ మీ అమ్మగారిని వద్దనడానికి నేనెవణ్ణి?"

లోపల తోమసీనా కింది అర ముందు చతికిలబడి ఉంది. చీపురు గోడకి ఆనించి ఉంది. పక్కన బ్యాటరీ నీళ్ల సీసా. నాణెంతో బిరడా తిప్పి, ఒక కన్ను మూసి గడిలోకి తొంగి చూస్తూ, "తాగరా, తాగు," అంటోంది.

"అమ్మా."

"నువ్వా! హడలిపోయా. చూడవే, ఎలా ఎండిపోయాయో. ఇంతమంది ఇంజనీర్లున్నారు, ఒక్కళ్లకి కూడా వీటికి గుక్కెడు నీళ్లు పోయాలని తోచదా?"

"ఎప్పట్నుంచి పోస్తున్నావ్?"

"ఎప్పట్నుంచేంటి, మొదట్నుంచీ. పైవి నాకందవు, వాటి ఖర్మ. రదమేస్‌ని పొయ్యవయ్యా అంటే, వాటి జోలికి పోకు తోమసీనా అని కసిరాడు. సరేలే అన్నా. అతను డామినోలకి పోయాక పోసేదాన్ని. చివర్లో ఓ మూడు వారాలు ఏ దెయ్యం పట్టిందో, తలుపే తియ్యనన్నాడు. నువ్వు ఊడ్చనూ వద్దు, పొయ్యనూ వద్దు, ఇంకెప్పుడూ రాకు అని. ముప్ఫై ఏళ్లలో నన్ను అంత మాట అనలేదు. నీకు చెప్పానుగా ఆ రోజు అన్నం దగ్గర? వినిపించుకుంటేగా!"

దిలేనియా నేలమీద కూలబడి తల్లికి అంతా చెప్పింది. ఇప్పుడిక దాచడానికేం లేదు. తోమసీనా ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత బిరడా చేతిలో పట్టుకుని, దాన్ని పెట్టాలో వద్దో తెలియక కూతురి మొహంలోకి చూసింది. "నేనేం చెడ్డపని చేశానే? నీళ్లేగా పోశా," అంది. గొంతు పెద్దదైన ఆ మనిషి ఆ మాట ఎంతో సన్నగా అంది. దిలేనియా ఆమె చేతిలోంచి బిరడా తీసుకుని బిగించింది.

తిన్నగా రదమేస్ ఇంటికి వెళ్లింది. అతను గుమ్మంలో ఎత్తు స్టూలు మీద కూర్చుని రేడియోలో ఆట వింటున్నాడు. ఆమెని చూసి రేడియో తగ్గించాడు. లేవలేదు.

"అమ్మ పోసింది," అంది.

"ఊఁ."

"నీకు తెలుసు."

"ఆ గ్రాఫు నువ్వు చూపించినప్పుడు తెలిసింది. మానేసిందనుకున్నా అప్పటిదాకా. మీ అమ్మ మాట వింటుందని నమ్మడం నా బుద్ధితక్కువ."

"సోమవారం కబ్రాల్‌కి చెబుతా. అమ్మ పేరూ చెబుతా, అంతా చెబుతా. నిన్ను వెనక్కి తీసుకోమంటా."

"తీసుకోడు. వద్దన్న గదిలోకి తలుపు తీసింది నేనే కదా. ఆ తప్పు నాదే. నీ అంకె మాత్రం రెండున్నరే వెయ్యి. పిల్లల మందులవి."

ఆమె గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది. ఎదురింట్లోంచి దోన్యా ఫేఫా చూస్తోందని తెలిసి కూడా ఏడ్చింది. రదమేస్ ఓదార్చలేదు. రేడియో వైపు చూస్తూ ఉన్నాడు.

"ఎందుకు చెప్పలేదు పద్రీనో? అమ్మ ఉద్యోగం పోతుందనా?"

"మీ అమ్మ కోసమా? ఆ నోరుండగా ఆవిడకి ఇంకో కాపలా ఎందుకు?" అన్నాడు. రేడియో కట్టేశాడు. "నువ్వు నన్ను రెండుసార్లు అడిగావు, నువ్వు పోశావా అని. రెండుసార్లూ లేదన్నా. ఆ తర్వాత మాట కోసం చూశా. కబ్రాల్ గదిలో కూడా చూశా. 'మరి ఎవరు పోశారు' అని అడుగుతావేమోనని. నా మాట నమ్మినదానివైతే అది అడిగేదానివి."

"అడిగితే చెప్పేవాడివా?"

"అక్కడే, ఆ నిమిషమే చెప్పేవాణ్ణి," అన్నాడు రదమేస్.